పల్నాటి వీరగేయము: పుట్టుపూర్వోత్తరములు, విమర్శకుల ఆదరణ

పల్నాటి వీరచరిత్రను గూర్చి తెలుగున వెలువడిన విమర్శ కొద్దిది కాదు. అందు అధికభాగము రెండు ప్రశ్నల చుట్టును తిరిగినది. ద్విపద కావ్యము శ్రీనాథునిదగునా కాదా యనునది మొదటిది. కారెంపూడి యుద్ధము నిజముగా జరిగినదా, జరిగినచో ఎన్నడు జరిగినది యనునది రెండవది. ఈ రెండును తోసివేయదగిన ప్రశ్నలు కావు. కాని ఇవి గ్రంథమును గూర్చిన ప్రశ్నలు; పాటను గూర్చినవి కావు. పంబ మ్రోగుచుండగా, తిత్తి శ్రుతి పట్టుచుండగా, రాత్రులకు రాత్రులు సాగిన ఒక గేయమును మన విమర్శకులు ఎట్లు విన్నారు, అసలు విన్నారా, యనునది ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచిన విషయము.

ముందుగా దేశమును గూర్చి ఒక మాట. పల్నాడు అనగా పూర్వవ్యవహారమున మాచెర్ల, గురజాల, కారెంపూడి ప్రాంతము. కృష్ణకు దక్షిణముగా, నాగులేటి పరీవాహమున నున్న రాతినేల. వినుకొండ, నరసారావుపేట సీమలను ఆ పేరున పిలుచుట తరువాతి అలవాటు. 2022 ఏప్రిల్ 4వ తేదీన నరసారావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతములన్నియు ఒక్క పేరు క్రిందికి వచ్చినవి. జిల్లాకు దక్షిణపు కొసన, వినుకొండకు దాపున నున్న నూజెండ్ల ఈనాడు పల్నాటి ఊరే. పరిపాలకుల సరిహద్దులకును పాట యొక్క సరిహద్దులకును పొత్తు కుదరవలెనను నియమము లేదు. వినుకొండ సీమను విడిచి పల్నాటి పాట చరిత్ర చెప్పుట సాధ్యము కాదని ముందు ముందు తెలియగలదు.

కథ పాఠకులకు సుపరిచితము. 12వ శతాబ్ది ఉత్తరార్ధమున నలగామరాజు, మలిదేవరాజు అను సవతి సోదరుల నడుమ రాజ్యము చీలినది. ఒకరికి నాయకురాలు నాగమ్మ, మరియొకరికి బ్రహ్మనాయుడు మంత్రులైరి. కోడిపందెమున ఓడి మలిదేవుని పక్షము ఏడేండ్లు వలస పోయినది. సంధికై వచ్చిన అలరాజు విషప్రయోగమున మరణించెను. కడకు కారెంపూడి రణరంగమున ఉభయపక్షములును నశించినవి. జూదము, అరణ్యవాసము, రాయబారము, యుద్ధము అను వరుసను చూచి ఇది భారతానుకరణమని తేల్చివేసినవారు కలరు. వరుస సరియే. కాని బాలచంద్రుని అభిమన్యునితో సరిపోల్చువారు మాంచాలను ఎవరితో పోల్చెదరు? యుద్ధమునకు బోవుచు మొదటిసారి తన గడప త్రొక్కిన భర్తను, నిలుపుకొనక, వీరపత్నియై రణమునకు సాగనంపిన ఆ యువతికి భారతమున సాటి లేదు. అనుకరణవాదము కథాసంవిధానమునకు వర్తించునే గాని కథా హృదయమునకు వర్తింపదు.

ఇక పాటకు వత్తము. పల్నాటి వీరుల గానమును వర్ణించిన తొలి తెలుగు రచన మనకు తెలిసినంతవరకు క్రీడాభిరామము. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమును ఆధారము చేసికొని వచ్చిన ఈ వీథీరూపకము వినుకొండ వల్లభరాయని పేర నున్నది. ఇది శ్రీనాథుని కృతియే యని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి. ఆ వాదమును మేమిచట చర్చింపము. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులిరువురు కాకతీయుల ఓరుగంటి వీధులలో తిరుగుచు కన్నదెల్ల చెప్పుకొనుట ఇందలి వస్తువు. ఆ తిరుగుటలో వారు పల్నాటి వీరుల ఆరాధనస్థానమునకు వచ్చి ఒక గాయిక పాట విందురు.

ఆ ఘట్టమున కవి గమనించిన అంశములను వరుసగా చూడవలెను. మొదటిది: పాడునది స్త్రీ. రెండవది: తాళము ద్రుతము, చర్మవాద్యపు ధ్వనిని కవి అనుకరణ శబ్దములతో పద్యములోనికే దించినాడు. మూడవది: పాట ద్విపద ప్రబంధము. నాల్గవది, మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచినది: ఆమె పలికిన ప్రతి అక్షరమునకును కుఱ్ఱవాండ్రు అరచుచు ఆవేశమున తూలిపోవుచున్నారు. కథ ఏమి యని కవి చెప్పలేదు. ఏ వీరుడు ఎవరిని చంపెనో చెప్పలేదు. ఆయనకు పట్టినది వాద్యపు దెబ్బ, పాట వేగము, విన్నవారి ఒడలు. తెలుగున ఒక జానపద గేయమును గూర్చి వెలువడిన తొలి సమీక్షలలో ఇది యొకటి. అందు శ్రోతృవర్గము గాయికతో సమానముగ చోటు పొందినది.

గోష్ఠులలో పద్యము చదివినప్పుడు సభ్యులు తలలూపుట, భళి యనుట కలదు. అక్షరాక్షరమునకు కేకలు వేయుట వేరు మర్యాద. అది ఆరాధనకు చెందినది. వీరుని పేరు వినగానే వీరుడు ఒంటిమీదికి వచ్చునను విశ్వాసము ఉన్నచోట శ్రోత కేవలము శ్రోతగా ఉండజాలడు. వల్లభరాయడు దీనిని వినోదముగా చూచియుండవచ్చును. ఆయన పాత్రలు వినోదమునకు బయలుదేరినవారే. అయినను చూచినదానిని చూచినట్లు వ్రాసినాడు. ఇంటిపేరు వినుకొండ అయిన కుటుంబమునకు పల్నాటి పాట ఓరుగంట వినవలసిన క్రొత్తవింత కాదని మా ఊహ. ఆ వంశము ఉద్యోగరీత్యా వేరుచోట్లకు పోయియుండవచ్చును. ఇంటిపేరు చెప్పు ఊరుమాత్రము పల్నాటి వాకిట నున్నది. సీతాపహరణ వార్తను రాముడు విన్న కొండ గనుక వినుకొండ యైనదని స్థలపురాణము. వ్యుత్పత్తి ఎట్లున్నను, వినుటకు తగిన పేరే.

క్రీడాభిరామము వలన ఇంకొకటి తెలియుచున్నది. యుద్ధము జరిగిన రెండు మూడు శతాబ్దులలోనే ఆ పాట పల్నాటి ఎల్లలు దాటి రాజధానిలో నిలదొక్కుకొన్నట్లు కవులు భావింపగలిగిరి. పాట ఇంతదూరము నడిచినది గ్రంథముగా కాదు. పూజగా, వాద్యముగా నడిచినది.

ద్విపదలో బాలచంద్ర యుద్ధము వ్రాసినది శ్రీనాథుడే యని సంప్రదాయము. ఇదే శ్రీనాథుని పేర పల్నాటిని వెక్కిరించు చాటువులును ప్రచారమున నున్నవి. జొన్నకూడు, నీళ్ల కరవు, రసికులు రాదగని చోటు: ఇవి వాని సారాంశము. రసికులు రాదగదన్న నేలమీది పాటకే కవిసార్వభౌముడు లొంగినాడనుట ముచ్చటగానే యున్నది. దీనినే కారణముగా చూపి, శృంగారనైషధము వ్రాసిన చేయి ఇంత సాదా ద్విపద వ్రాయునా యని శంకించినవారు కలరు. ఈ శంకకు మూలము ద్విపదమీది చులకన. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమునకు ద్విపదను వరించుటలో ఉద్దేశము స్పష్టము: పదిమంది కలిసి పాడుకొనుటకు వీలైన ఛందస్సది. మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము గల పాదము వాద్యపు నడకకు సులభముగ ఒదుగును. సాదాతనము అసమర్థత కాదు. పాటకు వలసిన చోటు. పద్యమున సమాసము నింపు స్థలమును ద్విపదలో గాయకుని గొంతును వంతకాని కేకయు నింపును. ఆ రెండును తొలగించి అచ్చుపుటమీద చదివినపుడు పాదములు బోసిగా కనుపించుట సహజము.

19వ శతాబ్దిలో ఆంగ్లేయుల దృష్టి ఈ పాటలమీద పడినది. 1874లో జె. ఎ. బాయిల్ ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో తెలుగు వీరగేయములను గూర్చి వ్రాసెను. 1882 నాటి రాబర్ట్ సూయెల్ పురావస్తు పట్టికలలో పల్నాటి వీరుల వృత్తాంతమునకును చోటు దొరకినది. వీరికి పాట స్థలచరిత్రకు ఆధారము మాత్రమే. దీనిని తప్పు పట్టనక్కరలేదు. వారు చేపట్టిన పని అది.

తెలుగు విమర్శలో మలుపు 1911. ఆ యేట అక్కిరాజు ఉమాకాంతముగారు బాలచంద్ర యుద్ధమును పరిష్కరించి దీర్ఘమైన పీఠికతో ప్రకటించిరి. వారు గురజాలవారు, పల్నాటి బిడ్డ. తరువాత 1928లో నేటికాలపు కవిత్వము వ్రాసి భావకవులను తీవ్రముగా ఎండగట్టిన సంస్కృతపక్షపాతి ఆయనయే. అంతటి కఠినవిమర్శకుడు యౌవనమున ఒక ద్విపద వీరగాథను చేతబట్టి అది తెలుగుజాతికి గర్వకారణమని నిలిచి వాదించుట గమనింపదగినది. ఆయన కృషి లేనిచో విశ్వవిద్యాలయములలో పల్నాటి వీరచరిత్ర పాఠ్యమగుటకు ఇంకను చాలకాలము పట్టియుండెడిది. అయినను ఆ పీఠికతో విమర్శకు ఒక త్రోవ ఏర్పడిపోయినది. కథ చరిత్రయైనది, ద్విపద కావ్యమైనది, కావ్యమునకు కర్త కావలసివచ్చెను. తరువాతి వారు కొండయ్య, ముదిగొండ వీరభద్రకవి మున్నగువారి ద్విపదలను శ్రీనాథుని ద్విపదనుండి వేరుచేయుటలో శ్రమించిరి. పింగళి లక్ష్మీకాంతముగారి పరిష్కరణము ఆ శ్రమకు మంచి ఫలము. కాని పంబ ధ్వని ఆ పుటలలో వినరాదు.

కర్తృత్వ వివాదమును గూర్చి మా అభిప్రాయము స్పష్టముగా చెప్పుట మేలు. 1960లో ఆల్బర్ట్ లార్డ్ ప్రకటించిన గాథాగాయకుల గ్రంథము ఈ ప్రశ్న స్వరూపమునే మార్చివేసినది. యుగోస్లావియాలో గుస్లె అను తంత్రీవాద్యముపై గాథలు పాడువారిని మిల్మన్ పారీతో కలిసి పరిశీలించి, గాయకుడు కంఠస్థమును వల్లించుటలేదనియు, సిద్ధముగానున్న నుడికట్టులతో ప్రతిసారియు గాథను క్రొత్తగా కట్టుచున్నాడనియు ఆయన నిరూపించెను. అట్టి సంప్రదాయమున మూలప్రతి యనునది లేదు. శ్రీనాథుడు వ్రాసియుండవచ్చును, వ్రాసినచో అప్పటికే నడచుచున్న పాటలో ఒక రాత్రి పాటను ఆయన వ్రాసియుంచినట్లు గ్రహింపవలెను. తక్కిన రాత్రులు ఆయనవి కావు.

ఆ తక్కిన రాత్రులు ఎవరివి? విమర్శ చిరకాలము దాటవేసిన ప్రశ్న ఇది. కారెంపూడిలో కార్తిక అమావాస్య మొదలు ఐదు దినములు వీరారాధనోత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని దినములకు పేర్లు. వీరుల ఆయుధములను నాగులేటికి కొనిపోయి కడిగి పూజింతురు. మందపోరునాడు చాపకూడు జరుగును. కథను పాడువారు వీరవిద్యావంతులు, వారు మాలలు. కథానాయకులు భూములేలిన నాయకులు. ఒక కులమువారి యుద్ధమును మరియొక కులమువారు తమ పవిత్రవిద్యగా తరతరములు మోసికొని వచ్చుట ఎందువలన?

సమాధానము కథలోనే కలదు. బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును పుత్రునిగా స్వీకరించి సేనానిని చేసినాడు. అన్ని కులములవారిని ఒకే చాపమీద, ఒకే కుప్పనుండి తినిపించినాడు. చాపకూటిని సంస్కరణగా చూపి రామానుజ వైష్ణవ ప్రభావమును వెదకిన చరిత్రకారులు కలరు; ఆ వెదకులాట ఫలవంతమే. కాని పాడువానికి అది సంస్కరణ చరిత్ర కాదు, తనకు కథలోగల హక్కుపత్రము. ద్విపదను మాత్రమే చదివినవారికి బాలచంద్రుడు నాయకుడుగా కనుపించును. పాటను పాడినవారిని తెలిసికొన్నవారికి కన్నమదాసు పేరు వచ్చిన ప్రతిచోట కథ బరువు మారుచున్నట్లు తెలియును. పాడువాని పేరు, ఊరు, గురుపరంపర నమోదు చేయకుండ గాథకు ప్రామాణిక ప్రతి తయారుచేయుట ఎట్టి శాస్త్రమో మాకు బోధపడదు.

పాట క్రొత్త వాద్యమెక్కినప్పుడెల్ల విమర్శ మరల పుట్టినది. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథకు క్రొత్త ప్రాణము పోసినపుడు, గుంటూరు సీమలోని పొన్నెకల్లున జన్మించిన షేక్ నాజర్ (1920-1997) ఆ కళకు పర్యాయపదమైనాడు. భుజాన తంబుర, వ్రేళ్లకు అందెలు, ఇరుప్రక్కల డక్కీలతో వంతలు: ఒకడు హాస్యమునకు, ఒకడు రాజకీయమునకు. నాజర్ చెప్పిన కథలలో పల్నాటి యుద్ధమును కలదు. కారెంపూడి గుడిలో పూజగా నడచిన పాట ఇచట రంగస్థలమునకు, మైకునకు, వేలకొలది జనమునకు వచ్చినది. ఇది ప్రచారమే గాని కళ కాదన్న పండితులు ఆనాడు లేకపోలేదు. అదే నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చినది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు నాయకురాలు నాటకమునకు ఈ కథనే గైకొనిరి. మాలపిల్ల (1938) తీసిన గూడవల్లి రామబ్రహ్మముగారు పల్నాటి యుద్ధము ప్రారంభించి, పూర్తికాక మునుపే 1946లో దివంగతులైరి; ఎల్. వి. ప్రసాదుగారు ముగించిన ఆ చిత్రము 1947లో విడుదలైనది. అందు కన్నాంబ నాగమ్మ, అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడు. 1966 నాటి చిత్రమున భానుమతి నాగమ్మగా, రామారావు బ్రహ్మనాయుడుగా నటించిరి. చిత్రములను గూర్చి ఇంతకుమించి చెప్పవలసినది లేదు. వానిలో కథ మిగిలినది, గానరీతి మిగులలేదు.

ఈ సందర్భమున విదేశీ ఉదాహరణ మొకటి ఉపకరించును. 1965 జూలై 25వ తేదీన అమెరికాలోని న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవమున బాబ్ డిలన్ అను యువగాయకుడు చేతి గిటారును విడిచి విద్యుత్ గిటారుతో, వాద్యబృందముతో పాడెను. సభలో కొందరు కేకలు వేసి నిరసించిరి. అది ద్రోహమని కొందరు, ధ్వనియంత్రము చెడి మాట వినబడకపోవుటయే కోపకారణమని కొందరు నేటికిని వాదించుచున్నారు. జానపదమునకు రాక్ వాద్యములను జతచేసిన ఆ రీతికి ఆ యేటనే ఫోక్ రాక్ అను పేరు వ్యాపించినది. ఈనాడు హైదరాబాదు యువకులు చౌరస్తా వంటి బృందములు కట్టి పల్లెమాటకు గిటారును, డ్రమ్ములను చేర్చి పాడుచున్నారు. అది జానపదమగునా యని మా విద్యార్థులు తరచు అడుగుదురు.

అడుగుట మంచిదే. కాని జానపదగేయము మొదట మెత్తగా, ఏకాంతముగా, మాట స్పష్టముగా వినబడునట్లు ఉండెననియు, పెద్ద వాద్యములు తరువాత చేరి చెఱచెననియు అనుకొనుటకు పల్నాటి పాట అడ్డుపడుచున్నది. మనకు తొలుత కనుపించినప్పుడే అది ద్రుతతాళమున చెవులు హోరెత్తించుచు, యువజనులను ఊపివేయుచు నున్నది. న్యూపోర్ట్ సభకును ఓరుగంటి గుడికిని సామ్యము కేకలవరకే. అచట కేక గాయకుని కాదన్నది. ఇచట కేక పాటలో భాగము. కావున క్రొత్త పాటను పరీక్షించుటకు వాద్యము ఏది యని అడిగిన చాలదు. విన్నవాడు ఏమగుచున్నాడు, పాడినవానికి కథలో పాలు ఏమి యని కూడ అడుగవలెను. గిటారు చేర్చినందున కాదు, పాడువాని పేరు చెఱిపినందున జానపదము చెడును. చలనచిత్రములలో పల్లెపాట చేరి, అది ఎవరి నోట దొరకినదో చెప్పక తగవులైన ఉదాహరణలు మనకు క్రొత్త కావు.

విశ్వవిద్యాలయములలో ఈ మార్పు మెల్లగా వచ్చినది. బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపద గేయసాహిత్యము (1958) వీరగాథలకు శాస్త్రీయమైన స్థానము కల్పించినది. తంగిరాల వెంకట సుబ్బారావుగారు వీరగాథాకవిత్వమును ప్రత్యేక పరిశోధనాంశముగా గ్రహించి కాటమరాజు కథలతో పాటు పల్నాటి గాథలను పరిశీలించిరి. 1982లో జీన్ రోఘైర్ ఆక్స్‌ఫర్డ్ నుండి ప్రకటించిన పల్నాటి వీరగాథ గ్రంథము ద్విపదను ప్రక్కనబెట్టి, అలిసెట్టి గాలెయ్య అను విద్యావంతుడు పాడిన కథను ఆధారముగా గైకొన్నది. శతాబ్దుల పాటకు గాయకుని పేరు గ్రంథమున ప్రధానముగా నిలిచినది అపుడు. ఒక విదేశీయుని చేతిమీదుగా ఈ పని జరుగుట మనకు కొంత ఇబ్బందికరమే. అయినను పని జరిగినది. 1986లో వెల్చేరు నారాయణరావుగారు తెలుగు జానపదేతిహాసములను పోల్చి, భూమిగల వీరుల యుద్ధగాథలను కన్యకాపరమేశ్వరి కథవంటి ఆత్మార్పణగాథలనుండి వేరుచేసి, కథను ఏ సమాజము తనదిగా భావించుచున్నదను ప్రశ్నను విమర్శ నడుమకు తెచ్చిరి.

ఇంతయైనను వల్లభరాయని నాల్గవ అంశము, శ్రోతల కేక, విమర్శలో ఇంకను అనాథగానే యున్నది. గాలెయ్య కథనమున గద్యప్రాయమైన వాక్యమును పాటయు కలగలసి నడచును. వల్లభరాయడు విన్నది ద్విపద. ఈ భేదమును కాలక్రమమున ద్విపద సడలుటగా చెప్పవచ్చును, లేదా గాయిక వేరు, సంప్రదాయశాఖ వేరు అని చెప్పవచ్చును. క్రీడాభిరామమున స్త్రీ పాడగా కారెంపూడిలో పురుషులు పాడుట రెండవ పక్షమునకు బలమిచ్చుచున్నది. తేల్చుటకు పదముల పట్టిక చాలదు. ఏ పాదము చివర వాద్యము ఆగుచున్నది, ఎచట వంత అందుకొనుచున్నది, ఏ పేరు వినగా జనము కదలుచున్నది అను వివరములు కావలెను. కార్తికమున కారెంపూడికి పోవు పరిశోధక విద్యార్థులు ధ్వనిముద్రణ యంత్రమును గాయకుని ముందు ఒకటి, జనము నడుమ ఒకటి ఉంచినచో ఈ వివరములు దొరకును. రాచగావునాటినుండి కల్లిపాడువరకు ఐదు దినములును ఉండవలెను. కోడిపోరునాడు మాత్రము పోయి వచ్చిన ప్రయోజనము స్వల్పము.